ఒక్క దీర్ఘం

పోయిన వారం మనం లేచి వచ్చేసేటప్పటికి జ్ఞానకుమారి తెల్లచీర ఇస్త్రీ చేస్తూ, పెట్టె చీర మీదే మర్చిపోయి కూతురి మొహంలోకి చూస్తూ ఉంది. చీర అంచు కాలింది. మర్నాడు ఆదివారం కట్టుకోవడానికి వేరే తెల్లచీర లేక, కాలిన చోటు కుచ్చిళ్ళలోకి మడిచి దాన్నే కట్టుకుంది.

వారం తప్పినవాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెప్పి ముందుకు పోతాను.

కుమారి, ఆమె భర్త రత్నబాబు చీరాల నుంచి ఇంగ్లండులోని లీడ్స్‌కి, ముసలివాళ్ళని ఇళ్ళకి పోయి చూసుకునే కేర్ పనికి వచ్చినవాళ్ళు. మూడేళ్ళ కిందట జనవరిలో, మంచు పడుతున్న ఒక పొద్దున, ఊరి బయట గుట్ట మీద ఒంటరిగా ఉండే డోరతీ అనే ముసలావిడని మంచం మీంచి లేపి మందులివ్వడానికి వెళ్ళాడు రత్నబాబు. మందులిచ్చాడు, టీ పెట్టాడు, తిరిగొచ్చి కారులో కూర్చున్నాడు, అక్కడే గుండె ఆగిపోయింది. ఆ పొద్దున ఇల్లు కదలకముందు అతను క్రిస్టఫర్‌కి ఒక మెసేజ్ పెట్టాడు. మనవాళ్ళందరూ పెట్టినట్టే, తెలుగు మాట, ఇంగ్లీషు అక్షరాలు. nenu vellanu anna. అంతే.

ఈ క్రిస్టఫర్‌కి పనులు రెండు. వారంలో ఐదు రోజులు కేర్ కంపెనీలో రోటా వేస్తాడు, అంటే ఎవరు ఏ ముసలివాళ్ళ ఇంటికి ఏ వేళకి పోవాలో ఆయనే రాస్తాడు. ఆదివారం తెలుగు ఫెలోషిప్‌లో వాక్యం చెబుతాడు. ఆ మూడు మాటల మెసేజ్ మీద ఆయన మూడేళ్ళుగా ప్రసంగాలు చేస్తున్నాడు. మన రత్నబాబు 'వెళ్తాను' అనలేదు, 'వెళ్ళాను' అన్నాడు చూడండి అంటాడు. గడప దాటకముందే వెళ్ళానన్నాడు, విశ్వాసి అంటే అలా ఉండాలి, గోధుమగింజ మట్టిలో పడాలి, చావాలి, అప్పుడే పంట అంటాడు. జనం ఏడుస్తారు. చచ్చినవాడి కళ్ళు చారెడంటారు గదా, రత్నబాబు కళ్ళు ఏటేటా ఇంకొంచెం పెరుగుతూ వచ్చాయి. ఈ ఏడు బ్యానర్ కూడా వేయించారు. పైన 'నేను వెళ్ళాను' అని తెలుగులో పెద్ద అక్షరాలు, కింద అతని ఫోటో, ఆ పక్కన ఆ మెసేజ్ బొమ్మ.

పోయిన వారం శనివారం నాడు ఆ బ్యానర్ బొమ్మ కుమారి ఫోన్‌కి వచ్చింది. కూతురు అక్సా చూసింది. పదిహేనేళ్ళ పిల్ల. తెలుగు అర్థమవుతుంది, జవాబు ఇంగ్లీషులో చెబుతుంది, తెలుగు అక్షరం ఒక్కటీ రాదు. రాదు కాబట్టే పైనున్న పెద్ద అక్షరాలు వదిలేసి కిందున్న మెసేజ్ చదివింది.

"మమ్, డాడ్ ఆల్వేస్ పుట్ టూ ఏస్," అంది.

నిజమే. కూతురికి తెలుగు పోకూడదని రత్నబాబు రోజూ ఆమెకి ఇలాగే మెసేజ్‌లు పెట్టేవాడు. దీర్ఘం వచ్చిన చోట రెండు a లు, తప్పకుండా. vachchaanu. thinnaanu. thechchaanu. పరమ చాదస్తుడు ఆ విషయంలో. అక్సా ఫోన్‌లో అవన్నీ ఇప్పటికీ ఉన్నాయి, ఒక్కచోట కూడా తప్పలేదు. క్రిస్టఫర్‌కి పంపిన మాటలో మాత్రం ఒకటే a. రెండుంటే వెళ్ళాను. ఒకటే అయితే వెళ్ళను.

ఇక్కడ ఆగాం మనం.

ఆదివారం మధ్యాహ్నం రెండింటికి ఫెలోషిప్ మొదలు. పొద్దున ఇంగ్లీషువాళ్ళ ఆరాధన అయ్యాక చర్చి వెనక హాలు మనవాళ్ళకి అద్దెకిస్తారు. ఆ రోజు మధ్యాహ్నం నుంచి మంచు పడుతుందని ముందు రోజు నుంచీ ఫోన్లలో హెచ్చరికలు వస్తున్నాయి. అయినా అరవైమంది దాకా వచ్చారు. రత్నబాబు జ్ఞాపకార్థ కూడిక గదా, రాకపోతే బాగుండదు. పైగా పలావు కూడా ఉంది.

ఆ రోజు ఇంకో కార్యక్రమం పెట్టాడు క్రిస్టఫర్. దాని పేరు సజీవయాగ సేవ. మంచు రోజుల్లో, పండగల్లో ఎవరూ పోనన్న కాల్స్‌కి, అంటే ముసలివాళ్ళ ఇళ్ళ పనికి, మన విశ్వాసులే ముందుకొచ్చి పేరు ఇవ్వాలి. కుమారి అయిదు నిమిషాలు సాక్ష్యం చెప్పి, మొదటి పేరు ఆమే చదవాలి. ఆ మొదటి పేరు నీలిమది.

నీలిమ ఒంగోలు పిల్ల, వచ్చి ఏడు నెలలైంది. ఇక్కడ కారు లైసెన్సు వచ్చి రెండు నెలలు. కడుపులో బిడ్డకి అయిదో నెల. ఆ సాయంత్రం అయిదింటికి డోరతీ ఇంటి కాల్ ఆమెదే. అవును, ఆ డోరతీయే. ఆవిడ ఇంకా బతికే ఉంది, తొంభై మూడేళ్ళు, ఆవిడ తప్పేమీ లేదు.

హాలు బయట నడవాలో కుమారి నీలిమని పట్టుకుంది. మంచు పడే రోజున ఆ గుట్ట ఎక్కొద్దని చెప్పింది. పిల్ల నవ్వింది. రత్నన్న ప్రాణం లెక్కచెయ్యకుండా వెళ్ళాడంట గదక్కా, నాకేముంది, నాలుగు మైళ్ళ గుట్ట అంది. ఒకటికి రెండుసార్లు ఆలోచించుకో, వెళ్ళేదీ లేనిదీ నాకు మెసేజ్ పెట్టు అని మాత్రం అంది కుమారి. సరేనక్కా, పెడతా అంది నీలిమ.

కుమారి అక్కడి నుంచి నేరుగా వంటగదిలోకి పోయింది.

క్రిస్టఫర్ ఒక్కడే ఉన్నాడు లోపల, పలావు ట్రేల మీద రేకు కాగితం సర్దుతూ. మీరు ఈ మనిషిని ఒక రాక్షసుడిగా ఊహించుకుంటే నా పని తేలికవుతుంది, కానీ అలా కాదు. మార్చురీలో కుమారి పక్కన నాలుగు గంటలు నిలబడింది ఈయనే. భర్త పోయాక వీసా పోయి, అరవై రోజుల్లో దేశం విడిచి పొమ్మంటే, కంపెనీ కాళ్ళూ చేతులూ పట్టుకుని ఆమె పేరు మీద స్పాన్సర్‌షిప్ తెప్పించింది ఈయనే. వచ్చే జూన్‌లో తల్లీకూతుళ్ళ శాశ్వత నివాసానికి దరఖాస్తు పెట్టాలి. దానికి కంపెనీ ఉత్తరం కావాలి. ఆ ఉత్తరం కూడా ఈయన చేతి మీదుగానే రావాలి. కుమారికి ఇదంతా తెలుసు, తెలిసే తలుపు వేసింది.

రెండు ఫోన్లు గట్టు మీద పక్కపక్కన పెట్టింది. ఒకదాంట్లో బ్యానర్ బొమ్మ, ఒకదాంట్లో అక్సాకి వాళ్ళ నాన్న పెట్టిన మెసేజ్‌లు. చూడన్నా అంది. ఆయన చూశాడు. తొందర్లో ఒక అక్షరం పడకపోయి ఉంటుందిలే చెల్లెమ్మా అన్నాడు. కుమారి వేలితో పైకి జరిపింది. ముందు రోజు రాత్రిది ఉంది. ammaki mandulu thechchaanu. ఆ ముందు వారంది ఉంది. బస్సు వెంట పరిగెత్తుతూ పెట్టింది కూడా ఉంది, అందులోనూ రెండే.

"ఆయన చెప్పుల జత తప్పుగా వేసుకున్న రోజులున్నాయిగానీ, దీర్ఘం తప్పిన రోజు లేదన్నా," అంది కుమారి.

క్రిస్టఫర్ కాసేపు రేకు కాగితం అంచు నలిపాడు. తర్వాత స్టూలు లాక్కుని కూర్చున్నాడు. చాలా రోజులు నిలబడి ఉన్నవాడు కూర్చున్నట్టు కూర్చున్నాడు.

ఆయన చెప్పింది ఇది. ఆ పొద్దున నలుగురు సిక్ లీవు పెట్టారు. డోరతీ కాల్ అంతకుముందే రెండుసార్లు తప్పిపోయి ఉంది, మూడోసారి తప్పితే కౌన్సిల్ కాంట్రాక్టు పోతుందని మేనేజరు పీకల మీద కూర్చుంది. ఆయన రత్నబాబుని అడిగాడు. రెండు రోజుల నుంచి ఛాతీలో పట్టేసినట్టుంది, సోమవారం జీపీ డాక్టరు దగ్గరికి పోవాలి, నేను వెళ్ళనన్నా అని రత్నబాబు చెప్పాడు. ఫోన్‌లో చెప్పాడు, పెట్టేశాక మళ్ళీ మెసేజ్ కూడా పెట్టాడు. క్రిస్టఫర్ దాన్ని సరిగ్గానే చదువుకున్నాడు. ఆయనదీ తెనాలే గదా, తెలుగు రాక కాదు.

"మరి తెలిసి ఎందుకట్టా చెప్పారన్నా ఇన్నాళ్ళూ?"

పది గంటలకి పోలీసులు ఫోన్ చేశారని చెప్పాడాయన. మేనేజరు వణికిపోయిందట. అతనంతట అతనే పోయాడా, నువ్వు పంపించావా అని అడిగిందట. క్రిస్టఫర్ ఆ మెసేజ్ చూపించాడు. ఇంగ్లీషులో దీని అర్థమేంటో చెప్పమంది. చెప్పాడు.

అంతే జరిగింది. ఒక్క దీర్ఘం కలిపాడు. ఆ గదిలో తెలుగు వచ్చినవాడు ఆయనొక్కడే. తర్వాత సమాధి దగ్గర అదే చెప్పాల్సి వచ్చింది, వెనక్కి తీసుకోవడానికి దారి లేదు. ఆ తర్వాత అది ప్రసంగమైంది. చెప్పీ చెప్పీ ఈ మధ్య నాకే అనిపిస్తోంది చెల్లెమ్మా, అతను నిజంగా అలాగే అన్నాడేమోనని అన్నాడు క్రిస్టఫర్. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అవి దొంగ నీళ్ళని నేను అనను. దొంగ నీళ్ళయితే కుమారికి అంత కంపరం పుట్టేది కాదు.

ఏడవడానికి ఆమెకి తీరిక లేదు. మూడేళ్ళు ఏడ్చింది, అది కూడా ఎక్కడ ఏడవాలో, ఎప్పుడు ఏడవాలో ఈ హాలువాళ్ళు చెప్పినట్టే ఏడ్చింది. ఇంట్లో రాత్రిళ్ళు మాత్రం ఒక పాడు ఆలోచన వచ్చేది. అంత సంతోషంగా ఎట్టా పోయావయ్యా నన్నూ పిల్లనీ వదిలేసి అని. ఒక్కసారి కూడా వెనక్కి చూడాలనిపించలేదా అని. ఆ ఆలోచన వచ్చినందుకు మర్నాడు మోకాళ్ళ మీద క్షమాపణ అడిగేది. మూడేళ్ళు ఆ మనిషిని తప్పు పట్టింది, మూడేళ్ళు తనను తాను తప్పు పట్టుకుంది. అతను వెళ్ళనన్నాడు. భయపడ్డాడు. బతకాలనుకున్నాడు.

"మంచి కాపరి గొర్రెల కోసం ప్రాణం పెడతాడని గదన్నా వాక్యం," అంది. "ఇక్కడ కాపరి కోసం గొర్రె పెట్టింది."

క్రిస్టఫర్ తల దించుకున్నాడు గానీ ఊరుకోలేదు. వాక్యం చెప్పే నోరు గదా, ఊరుకోవడం చేతకాదు. ఆ మాట విని ఎంతమంది నిలబడ్డారో నీకు తెలుసు చెల్లెమ్మా అన్నాడు. ఒకడు తాగుడు మానాడు, ఒకడు పెళ్ళాన్ని కొట్టడం మానాడు, ముప్ఫైమంది బాప్తీస్మం తీసుకున్నారు అన్నాడు. రత్నబాబు చావులోంచి దేవుడు పంట తీశాడు. సిలువ మాత్రం న్యాయమైన చావా, అందులోంచి రక్షణ రాలేదా అన్నాడు.

"వచ్చింది. కాకపోతే మేకులు కొట్టినోళ్ళు తర్వాత ప్రసంగం చెప్పలేదు."

హాల్లో పాట మొదలైంది. తబలా, కీబోర్డు, అరవై గొంతులు. గోడ సన్నం, వంటగదిలో గ్లాసులు అదురుతున్నాయి. కుమారి గొంతు తగ్గించలేదు. నీలిమ సంగతి ఎత్తింది. అయిదో నెల కడుపుతో ఉన్న పిల్లని మంచు పడే రోజున ఆ గుట్టకి ఎట్టా రాశారని అడిగింది. క్రిస్టఫర్ ఈసారి నిజంగానే నొచ్చుకున్నాడు. నేను రాయలేదు చెల్లెమ్మా, ఒట్టు, ఎవరూ అడగలేదు, పోయినవారం ప్రసంగం అయ్యాక ఆ పిల్ల తనంతట తనే వచ్చి పేరు ఇచ్చింది అన్నాడు.

"మీరు అడగక్కర్లేదన్నా ఇంక. మీ తరఫున మా ఆయన అడుగుతున్నాడు గదా, మూడేళ్ళ నుంచి, ఆ ఫోటోలోంచి." కుమారి గట్టు పట్టుకుంది. "సజీవయాగం అని పేరు పెట్టారు. ఆ మాటలో ముందుండేది సజీవం. బతికుండి ఇచ్చేది. మీకు యాగం ఒక్కటే కనపడింది."

అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు, ఎవరి ప్రాణమో ఎవరో అర్పించి స్తోత్రం చెప్పించుకోవడం లోకంలో కొత్త కాదు. ఈ హాల్లోనూ కొత్త కాదు. కానీ కుమారిని ఇంకో ప్రశ్న తొలుస్తోంది. శనివారం సాయంత్రం నుంచి అదే.

వెళ్ళనని అంత స్పష్టంగా చెప్పినవాడు అరగంట తర్వాత ఎందుకు వెళ్ళాడు?

ఆ ప్రశ్న వినగానే క్రిస్టఫర్ మొహం మారింది. అప్పటిదాకా తప్పు ఒప్పుకుంటున్న మనిషి కాస్తా ఏదో దాచుకునే మనిషయ్యాడు. వద్దు చెల్లెమ్మా, అది నీ మంచికే అన్నాడు. జూన్‌లో నీ కాగితాలున్నాయి, మనసు పాడుచేసుకోవద్దు అన్నాడు. బెదిరింపుగా అనలేదు, ప్రేమగానే అన్నాడు. ఆ ప్రేమ కుమారి మెడ మీద తడిబట్టలాగా పడింది. ఆమె చెయ్యి చాపి నిలబడింది. చాపిన చెయ్యి దించలేదు.

చివరికి ఆయన ఫోన్ తీశాడు. మూడేళ్ళ కిందటి సంభాషణ, చెరిపెయ్యలేదు. ఎందుకు చెరపలేదో ఆయనకే తెలియాలి. nenu vellanu anna అన్న మాట కింద క్రిస్టఫర్ పెట్టిన జవాబు ఉంది, బ్యానర్ మీద కత్తిరించేసిన ముక్క. సరే అయితే, రోటాలో తర్వాత పేరు కుమారిదే, కుమారిని లేపి పంపించు, ఇద్దరిలో ఒకరు పోకపోతే కుదరదు, స్పాన్సర్‌షిప్ సంగతి నీకు తెలుసు అని. దాని కింద ఒక వాయిస్ మెసేజ్. పదిహేడు సెకన్లు.

క్రిస్టఫర్ వేలు దాని మీద పెట్టి మొహం పక్కకి తిప్పుకున్నాడు.

గుసగుసగా వచ్చింది రత్నబాబు గొంతు. పక్కగదిలో ఎవరో నిద్రపోతున్నప్పుడు మాట్లాడే గొంతు.

"అన్నా, కుమారికి జొరం. నూట రెండుంది. దాన్ని లేపబాక, దానికి ఫోన్ చెయ్యబాక. నేనే పోతా. దాని వంతుకి నేను పోయానని మాత్రం దానికి చెప్పబాక అన్నా, ఊరుకోదు. నేనే పోతా."

మా వైపు వెళ్ళడానికీ చావడానికీ ఒకటే మాట.

కుమారికి ఆ పొద్దున గుర్తుంది. తొమ్మిదింటికి మెలకువ వచ్చేసరికి రెండు దుప్పట్లు ఉన్నాయి ఒంటి మీద, ఒకటి తనది, ఒకటి అతనిది. మంచం పక్కన మాత్రలు, మూత పెట్టిన నీళ్ళ గ్లాసు. అతను తొందర్లో దుప్పటి ఆమె మీద పడేసి పోయాడని మూడేళ్ళుగా అనుకుంటోంది.

అబద్ధం పట్టుకుందామని వచ్చింది ఆమె. పట్టుకుంది. పట్టుకుంటే దాని అడుగున నిజం ఉంది, అది అబద్ధం కన్నా బరువుగా ఉంది. ఒకరి కోసం ఒకరు చావడం గురించి ఈ హాల్లో ఎన్ని ప్రసంగాలు వింది. తలూపింది, ఆమెన్ అంది. అదంతా అందరి కోసం, సంఘం కోసం, డోరతీ కోసం అనుకుంది. తన కోసమని ఎవరూ చెప్పలేదు. తను నిద్రపోతోంది అప్పుడు. ఆమెకి క్రిస్టఫర్ మీద కోపం వచ్చింది, అంతకన్నా ఎక్కువగా రత్నబాబు మీద వచ్చింది. నన్ను లేపాల్సింది. ఇద్దరం కూర్చుని మాట్లాడుకోవాల్సింది. జొరంతో నేను పోతే ఏమయ్యేది, మహా అయితే దగ్గుకుంటూ వచ్చేదాన్ని. ఎవరు బతకాలో నువ్వొక్కడివే ఎట్టా తేల్చావయ్యా.

వంటగది తలుపు తోసుకుని సత్యమ్మ ఆంటీ వచ్చింది. ఫెలోషిప్‌లో అందరికన్నా పెద్దావిడ, బాపట్ల మనిషి. సాక్ష్యం టైమైంది, రామ్మా అంది. తర్వాత ఇద్దరి మొహాలూ చూసి, ఏమైందని అడగకుండా, కుమారి చీర కొంగు సర్ది చెయ్యి పట్టుకుని తీసుకుపోయింది.

మైకు ముందు నిలబడ్డాక కుమారి అలవాటు ప్రకారం ప్రభువు నామమున అందరికీ వందనాలు అంది. అందరూ వందనాలు అన్నారు. ముందు వరసలో అక్సా కూర్చుని ఉంది, తల్లి మైకు దగ్గరికి పోతూ ఇచ్చిన ఫోన్లు రెండూ ఒళ్ళో పెట్టుకుని. క్రిస్టఫర్ వచ్చి పక్క కుర్చీలో కూర్చున్నాడు. కిటికీ అవతల అప్పటికే మంచు పడుతోంది.

"ప్రభువు ఒక కథ చెప్పాడు," అంది కుమారి. "ఒక తండ్రికి ఇద్దరు కొడుకులు. తోటకి పోయి పని చెయ్యమన్నాడు. ఒకడు పోనన్నాడు. తర్వాత మనసు మార్చుకుని పోయాడు. రెండోవాడు వెళ్తానయ్యా అన్నాడు. పోలేదు. ఇద్దరిలో తండ్రి మాట విన్నవాడు ఎవడని అడిగాడు. మీ అందరికీ తెలిసిన కథే. మా ఆయన ఎవరో మీకు తెలీదు. నాకూ ఇందాకటి దాకా తెలీదు."

వెనక్కి తిరిగి బ్యానర్ దగ్గరికి నడిచింది. 'వెళ్ళాను' అన్న మాటలో దీర్ఘం మీద అరచెయ్యి పెట్టి మూసింది. హాల్లో తెలుగు చదవడం వచ్చినవాళ్ళందరూ చదివారు. చదివి, ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. కీబోర్డు వాయించే అబ్బాయి ఏదో మీట నొక్కి భయపడి చెయ్యి తీసేశాడు.

"మా ఆయన వెళ్ళనన్నాడు. గుండెల్లో నొప్పిగా ఉంది, నేను వెళ్ళనన్నాడు. అది పిరికితనం కాదు. ప్రభువు కూడా సిలువకి ముందు రాత్రి తోటలో, ఈ బాధల గిన్నె తప్పించమనే అడిగాడు. నువ్వు పోకపోతే నీ పెళ్ళాన్ని పంపుతామన్నారు. అప్పుడు పోయాడు. నా వంతుకి పోయాడు. ఇది త్యాగం. దీన్ని మీరు రోటాలో రాయలేరు. ఒకడు మనసులో తేల్చుకుని ఇచ్చేదాన్ని ఇంకొకడు పేర్లు పిలిచి అడగకూడదు. అడిగితే అది బలి. బలి ఇచ్చేవాడు ఎప్పుడూ బాగానే ఉంటాడు."

ఎవరూ ఆమెన్ అనలేదు. కుమారికి అది హాయిగా అనిపించింది. ఆమె నీలిమ కోసం చూసింది. నీలిమా, నువ్వు ఆ గుట్టకి పోబాకమ్మా, నీకు ఎవరూ ఏమీ చెప్పలేదు, నేను చెబుతున్నా అనబోయింది. మూడో వరసలో కిటికీ పక్కన నీలిమ కుర్చీ ఖాళీగా ఉంది. కుర్చీ మీద పాటల పుస్తకం బోర్లించి ఉంది.

అక్సా ఒళ్ళోని తల్లి ఫోన్ చప్పుడు చేసింది. పిల్ల చూసింది. లేచి, అరవైమంది చూస్తుండగా మైకు దగ్గరికి నడిచి వచ్చి ఫోన్ తల్లికి ఇచ్చింది.

నీలిమ పెట్టిన మెసేజ్. మూడే మాటలు. akka nenu vellanu.

"ఇట్స్ గాట్ వన్ ఏ, మమ్," అంది అక్సా, మైకులో అందరికీ వినపడింది. పిల్ల మొహంలో కాస్త వెలుగు వచ్చింది, వెళ్ళనంటోందని. కుమారి మొహంలో రాలేదు. రెండు a లు పెట్టే చాదస్తుడు ఒక్కడే ఉండేవాడు, వాడు పోయాడు. మిగతా లోకానికి వెళ్ళినా ఒకటే a, వెళ్ళకపోయినా ఒకటే a.

నీలిమకి ఫోన్ చేసింది. మోగింది, మోగింది, ఎత్తలేదు. కిటికీ దగ్గరికి పోయింది. కారు పార్కింగ్ అంతా తెల్లబడింది. నీలిమ చిన్న కారు ఉండాల్సిన చోట మాత్రం నల్లటి తారు కనిపిస్తోంది, దాని మీద కూడా అప్పుడే మంచు పడడం మొదలైంది. ఇంటికి పోయిందో, గుట్టెక్కిందో చెప్పడానికి అక్కడ ఎవరూ లేరు. రత్నబాబు కారు అమ్మేసిన రోజు నుంచి కుమారి స్టీరింగు ముట్టలేదు. మంచులో ఆ గుట్ట ఎక్కగలిగే పెద్ద బండి ఆ హాల్లో ఒక్కరికే ఉంది.

"అన్నా," అంది కుమారి, "ఆ పిల్ల దారిలో ఉంటే వెనక్కి తీసుకురావాలి. డోరతీ మామ్మకి అయిదింటికి మందులు ఇవ్వాలి. ఆమె కూడా మనిషే. ఈసారి ఎవరి పేరు చదవమంటారు?"

హాలంతా క్రిస్టఫర్ వైపు తిరిగింది. ఆయన కిటికీలోంచి బయటికి చూశాడు. మంచు దట్టంగా పడుతోంది. తర్వాత బ్యానర్ మీద రత్నబాబు మొహం చూశాడు. లేచి నిలబడి, కోటు జేబులో తాళాలు తడుముకున్నాడు.

"వెళ్తానమ్మా," అన్నాడు.

రెండో కొడుకు కూడా సరిగ్గా ఆ మాటే అన్నాడు.